రాజద్వారం మీది మచ్చ

తెలియని మాటకు తెలిసినట్టు తల ఊపుతావే, నీకు సిగ్గు లేదూ? ఆ పనే చేసిన ఒక రాజు గతి ఏమైందో విను.

సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్నేలే రణభూపతికి ఏ మాట విన్నా దాని పుట్టుక చెప్పేయడం పిచ్చి. కోట గుమ్మం మీద ‘సర్వశబ్దవేత్త’ అని బిరుదు కూడా చెక్కించుకున్నాడు.

ఒకనాడు రీసు దొర కొలువుకు వచ్చాడు. వేల్స్ దేశపు ఓడ నాయకుడు. ఈ తీరాన ఏళ్లుగా తిరిగి తెలుగు నేర్చినవాడు. రాజుకు గడియారం కానుక తెచ్చాడు. కోటలో మధ్యాహ్నపు గంట మోగేసరికి గడియారం ముళ్లు రెండూ పైన కలిశాయి.

"కవిర్!" అన్నాడు దొర మురిసిపోతూ.

"అంటే?"

"సరిగ్గా ఉందని, ప్రభూ. మా భాషలో."

"అది మా ‘కవి’ నుంచే పుట్టింది. కవి నోట తప్పు రాదు గదా!"

"చిత్తం, చిత్తం!" అన్నారు పండితులు.

"కాదు ప్రభూ. ‘గ్విర్’ అంటే నిజం. దానికి ముందు, కూడి ఉండటాన్ని చెప్పే చిన్న ముక్క చేరింది. నిజంతో కూడి ఉన్నది కవిర్. నమ్మకస్తుణ్ణీ మేం అలాగే అంటాం."

"నిండు కొలువులో నన్ను కాదంటావా? ఒప్పుకునే దాకా చెరలో ఉండు!"

"సాయంత్రం ఓడ కదలాలి ప్రభూ. ఈ గాలి తప్పితే ఇంటికి పోవడం మళ్లీ వచ్చే ఏడే."

"అయితే ఒప్పుకో."

"అబద్ధమాడలేను."

భటులు సంకెళ్లు వేశారు. అప్పుడు విదూషకుడు తిప్పన లేచాడు.

"ప్రభూ, నిన్న మా ఇంట్లో ‘జుంబ్రుకం’ అని వినబడింది. దాని పుట్టుక తెలియక నిద్ర పట్టలేదు."

రాజు మీసం దువ్వాడు. "జంబువంటే నేరేడు. నేరేడు రంగు మబ్బే జుంబ్రుకం."

"చిత్తం! తాళపత్రాల్లో చదివాం," అన్నారు పండితులు.

"ధన్యుణ్ణి ప్రభూ! మా మామగారు ముక్కుపొడి పీల్చి తుమ్మారు. తన తుమ్ముకు ఇంత చరిత్ర ఉందని పాపం ఆయనకే తెలియదు."

రాజు చెవులు భగ్గుమన్నాయి. దొర నవ్వి ఉంటే కోపమైనా వచ్చేది. కానీ ఆ సంకెళ్ల మనిషి, సిగ్గు తనదే అన్నట్టు తల దించుకున్నాడు. రాజు దాన్ని భరించలేకపోయాడు. గద్దె దిగి వచ్చి దగ్గరుండి సంకెళ్లు తీయించాడు.

"మీ మామగారి తుమ్ముకు వంశచరిత్ర కట్టానటయ్యా తిప్పనా!" అని నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు చెమర్చాయి. తన ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు. దొరను రేవు దాకా తనే సాగనంపాడు.

తిరిగొచ్చి శిల్పులను పిలిపించాడు. "ఆ బిరుదును ఉలితో చెక్కి తీసేయండి. మచ్చ మీద సున్నం పూయొద్దు."

కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇక్కడేముండేదని అడిగేవాడు. కాపలావాళ్లు తుమ్ము కథ ఎత్తుకునేవారు. రాజు పక్కనే ఉన్నా ఆపేవాడు కాదు. బతికినన్నాళ్లూ తన కోట గుమ్మం కిందే తల వంచుకుని నడిచాడు.