దూదమ్మ ఇంటి తీగ

నల్లగుట్ట అడవిలో కుందేలు దూదమ్మ బొరియకున్నంత రాకపోకలు ఇంకెవరింటికీ లేవు. పోయిన వానాకాలం వాగు పొంగి అందరి ఇళ్ళూ మునిగితే, చిన్నాచితకా ప్రాణులన్నిటికీ తొమ్మిది రోజులు ఆవిడే చోటిచ్చింది. ఉడుత తోక ఆవిడ ముక్కులో, కౌజుపిట్ట గుడ్లు ఆవిడ పరుపు మీద. అయినా ఒక్క మాట అనలేదు మహాతల్లి!

ఆ మేలు మరిచిపోలేక అందరూ కలిసి లోయలోంచి ఒక తీగమొక్క తెచ్చి, కొయ్య తొట్టిలో నాటి, ఆవిడ ముందుగదిలో పెట్టారు. దూదమ్మ చెవులకన్నా పెద్ద ఆకులు, నిగనిగలాడుతూ. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! వచ్చినవాళ్ళల్లా ఓ దొప్పెడు నీళ్ళు తెచ్చి తొట్టిలో పోయడం మొదలుపెట్టారు.

"పొద్దున్నే పోశారు కదే ఉడుతా?"

"అది కౌజు వదిన పోసింది అత్తా! నా వంతు నేను పొయ్యొద్దూ?"

వద్దంటే నొచ్చుకుంటారని దూదమ్మ నోరు మెదిపేది కాదు. నెల తిరిగేసరికి ఆకులు పండుబారి ఒక్కొక్కటే రాలాయి. చివరికి అయిదు మిగిలాయి. ఇంతమంది ప్రేమగా ఇచ్చిన మొక్కని చేజేతులా చంపుకుంటున్నానే అని ఆవిడకి ముద్ద దిగలేదు.

అప్పుడొచ్చాడు నక్క, మెడలో ఏవో ఎండు వేళ్ళు వేలాడేసుకుని, పెద్ద వైద్యుడిలా.

"అయ్యో చెల్లెమ్మా! దీనిది దాహం. ఇంకా నీళ్ళు పట్టాలి. పైగా నీ బొరియ గాలి దీనికి పడలేదు. నా గుహకి పంపించు, నిలబెట్టి చూపిస్తా."

"మరి మాకు చూడాలనిపిస్తే?" అంది కౌజుపిట్ట.

"రోజూ రండి! పిల్లల్ని కూడా తీసుకురండి. ముఖ్యంగా పిల్లల్ని!"

కౌజుపిట్ట ఈకలు నిక్కబొడుచుకున్నాయి. దూదమ్మకి అవేవీ పట్టలేదు. మొక్క బతికితే చాలనుకుని, ఇచ్చేద్దామని తొట్టి మీద చెయ్యేసింది. మెత్తగా ఏదో తగిలింది. ముసలి వానపాము! కౌజుపిట్టని ఓ కంట కనిపెడుతూ, మట్టిలోంచి సగం బయటికొచ్చి రొప్పుతున్నాడు.

"దాహమేంటమ్మాయ్, నా తలకాయ!" అన్నాడు ఆవిడ చెవిలో. "లోపల చెరువుంది. తొట్టి అడుగున చిల్లయినా లేదు. వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. నాకే ఊపిరాడక పైకొచ్చా."

దూదమ్మ చెవులు నిటారుగా లేచాయి. మొక్క వచ్చిన తొలిరోజు ఆశకొద్దీ ఓ ఆకు చివర కొరికితే, మూడు పూటలు నాలుక మండిపోయింది ఆవిడకి. సిగ్గుపడి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"అలాగే తీసుకెళ్ళు అన్నయ్యా. ఈ తీగ సంగతులన్నీ నీకు తెలుసు కదా?"

"తెలియడమా! మా తాతల కాలం నుంచీ మా ఇంట్లో దీని ఆకే పథ్యం."

"అయితే ఒక్క ఆకు తిని చూపించు. నమ్మకం కుదిరితే నేనే మోసుకొస్తా."

అందరూ కళ్ళప్పగించి చూస్తున్నారు. నక్క మీసం దువ్వి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఆకు లాగి నోట్లో కుక్కుకున్నాడు. రెండోసారి నమిలేలోపే కళ్ళు గిర్రున తిరిగాయి.

"ఎలా ఉంది మామా?" అంది ఉడుత.

"బ... బ... బావుం..."

"పథ్యం కదా, ఇంకోటి వడ్డించమంటావా?"

నక్క నాలుక వేలాడేసుకుని వాగుకేసి లంఘించాడు. మూడు రోజులపాటు ఆ నోట అబద్ధం కూడా పెగల్లేదట!

దూదమ్మ అందరివైపూ తిరిగింది. "మీరు పోసిన ప్రతి దొప్పా ప్రేమేనని నాకు తెలుసు. వద్దని చెప్పకపోవడం నా తప్పు. ఇక మట్టిలో గోరు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్ళు."

ఉడుత తొట్టి అడుగున చిల్లు కొరికింది. కుళ్ళిన వేళ్ళు తీసేసి, కొత్త మట్టి పోసి, ఏటవాలుగా వెలుగు పడే మూలకి జరిపారు. పాకడానికి పీచు చుట్టిన కర్ర పాతారు. ఇప్పుడు కౌజుపిట్ట వస్తే రెక్కతో ఆకుల దుమ్ము తుడిచి పోతుంది. చలికాలానికి ముందే చుట్టచుట్టుకున్న కొత్త ఆకు ఒకటి మెల్లగా విచ్చుకుంది. చూడ్డానికి అడవంతా వచ్చింది, వట్టి చేతులతో.

దూదమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "వానపాము తాతా, నీ మేలు ఎలా మరిచిపోను? నీకేం ఇవ్వమంటావు?"

"నా మీద ఏమీ పొయ్యకండి తల్లీ, అదే పదివేలు!"

నీతి: మేలు చేసినవాళ్ళకి ఏమివ్వాలో మన మనసుని అడిగితే చాలదు, వాళ్ళనీ ఓ మాట అడగాలి.