ఒక పక్కే ఉన్న ఆవు

తెలివంతా తమ ఊళ్ళోనే పండుతుందని, పొట్టు మాత్రమే ఎగిరి పక్క ఊళ్ళకి పోతుందని పిల్లిపాడు వాళ్ళ నమ్మకం. వాళ్ళలోనూ మరీ తెలివైనవాళ్ళు ముగ్గురు. బడి నడిపే సన్యాసిరావు మాస్టారు, బడి కమిటీ పెద్ద దాలినాయుడు, పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే గౌరమ్మ. ఇంత తెలివి కాపలా కాస్తున్నా ఆ బడిలో ఏ పిల్లకీ ఒక్క ముక్క రాదు. అదేం చిత్రమో మరి.

ఓ రోజు మండల విద్యాధికారి వచ్చి చూశాడు. "ఊరికే వల్లె వేయిస్తే ఏమొస్తుందయ్యా? బొమ్మలు చూపించి చెప్పు. కళ్ళతో చూసింది పిల్లలు మర్చిపోరు" అని ఓ ఆవు చార్టూ ఓ పులి చార్టూ ఇచ్చాడు. "మళ్ళీ నెల వస్తా. అప్పటికీ ఇంతే అయితే బడి మూసేసి, పిల్లల్ని వాగవతల బడికి పంపేస్తా" అన్నాడు.

గౌరమ్మకి గుండె జారిపోయింది. మనవరాలు పైడితల్లి జానెడు పిల్ల, వాగేమో నడుం లోతు. "నా పిల్ల కొట్టుకుపోతుంది మాస్టారూ. ఎలాగైనా బడి నిలబెట్టండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేనుండగా నీకు బెంగేమిటి" అని మాస్టారు ఆవు చార్టు గోడకి తగిలించాడు. అంతే, దాలినాయుడు మోపెడు గడ్డి తెచ్చి దాని ముందు పడేశాడు. ఆవు ముట్టలేదు. "కొత్త చోటు కదా, బెంగెట్టుకుంది పాపం" అన్నాడు. గౌరమ్మ చెంబు పట్టుకుని పాలు పితకబోయింది. ఈ పక్క కుదరలేదు. ఆ పక్కకి వెళ్దామని చార్టు తిప్పింది. తెల్లగా ఉంది.

"అయ్యో, దీనికి అటుపక్క లేదు మాస్టారూ."

"రాసుకోండర్రా. ఆవుకి ఒకటే పక్క" అన్నాడు మాస్టారు.

మర్నాడు ఆవు పక్కన పులిని తగిలించారు. ఇంకేముంది, పులి ఆవుని మింగేస్తుందని ముగ్గురికీ చెమటలు పట్టాయి. ఆవుని విప్పి, వాకిట్లో రాటకి కట్టేశారు. ఎవరిదో మేక వచ్చి దాన్ని కరకరా నమిలేసింది. అందరూ గొల్లుమన్నారు గానీ దాలినాయుడికి మెరుపులా ఆలోచన వచ్చింది. "ఆవునే తిన్న మేకకి పులి ఓ లెక్కా? లోపలికి తోలండి." తోలారు. పులి కూడా అయిపోయింది.

నెల తిరిగేసరికి అధికారి వచ్చి పైడితల్లిని లేపాడు. "ఆవు గురించి చెప్పమ్మా."

"ఆవుకి ఒకటే పక్కండి. గడ్డి తినదు, పాలివ్వదు. దాన్ని మేక తింటుందండి."

"మరి పులి?"

"దాన్నీ మేకే తింటుందండి. కళ్ళారా చూశాం."

అధికారి తల పట్టుకున్నాడు. "మీకు బొమ్మలు కాదయ్యా, ఏ పాఠానికైనా అసలుదే చూపించాలి. ఇవాళే మూయించేస్తా" అని లేచాడు.

గౌరమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "ఇంకొక్క పాఠం ఉంది బాబూ. అది చూసి మూయించండి."

ఆ పాఠం పేరు 'మన అధికారులు'. అంతే, ముగ్గురూ ఆయన చంకల కింద తాడు వేసి గోడ మేకుకి తగిలించేశారు. పిల్లలు గడగడా చెప్పారు. "అధికారికి మీసం ఉండును. కళ్ళజోడు ఉండును. కాళ్ళు ఆడించును." పైడితల్లి తొంగి చూసి, "ఈయనకి అటుపక్క కూడా ఉందే అవ్వా" అంది.

పాఠం అయ్యాక చార్టుని చుట్టి అటకెక్కించాలి కదా. ఆయన్నీ చాపలో చుట్టి ఎక్కించారు.

"దించండయ్యా బాబూ, మీ బడి మూయించను. దేవుడి మీద ఒట్టు" అని చాపలోంచి వినిపించింది.

గౌరమ్మ మనవరాలిని ఎత్తుకుని ముద్దులాడింది. మాస్టారు దాలినాయుణ్ణి కౌగిలించుకున్నాడు. ఇంకేముంది, బడి మూతపడనందుకు ఆ పూట బడికి సెలవిచ్చేసి, తలుపులు మూసి పెద్ద తాళం వేసి, అందరూ ఇళ్ళకి పోయారు.