కొండదారిలో కట్టెల మోపు

రండి తల్లీ, ముందుకు రండి. అయ్యా, ఆ గోడకు ఆనుకున్నవాళ్లు కూడా కాస్త దగ్గరికి జరగండి. స్వామిని తలుచుకుని చెబుతున్నాను, చెవులిటు ఇవ్వండి.

నల్లమల అంచున చిన్న ఆశ్రమం. అందులో పరాంకుశస్వామి అనే గురువుగారు, ఆయన దగ్గర కేశవులు అనే శిష్యుడు. కేశవులు మండల దీక్ష పట్టాడు. తెల్లవారుతూనే ఆశ్రమం గడప దిగితే కొండ మీది నరసింహస్వామి గుడి దాకా పరుగే. మధ్యలో కాళ్లు ఆగకూడదు. ఆగితే దీక్ష పోయినట్టే.

పట్టుదల మంచిదే. కానీ మనిషికి విసుగు పట్టుకుంది.

"దారంతా అడ్డాలే స్వామీ," అన్నాడు ఆఖరి పరుగుకు ముందురోజు. "మేకలు అడ్డం, వాటిని తోలేవాళ్లు అడ్డం. పైగా ఒక ముసలమ్మ రోజూ 'నాయనా, నాయనా' అని పిలుస్తుంది. నామం మీద మనసు నిలవనిస్తేనా!"

"అట్లాగా," అన్నారు గురువుగారు.

మర్నాడు కేశవులు ఏటవాలు ఎక్కాడు, గడ్డి మైదానం దాటాడు. ఇంకొక్క మలుపు, ఆపైన గుడే. ఆ మలుపు తిరిగేసరికి ఏముంది! ఆ ముసలమ్మ ఓబుళమ్మ, ఆమె ముందు కట్టెల మోపు. మోపుకు అటువైపు, నడుం వంచి, గురువుగారు! చీకటితోనే కొండెక్కేశారన్నమాట.

అంత మోపు ఎవరూ ఒక్కరే నెత్తికెత్తుకోలేరు కదా. దారిన పోయేవాళ్లు చెయ్యి వెయ్యాలి. అది కొండదారి మర్యాద.

"కేశవులూ, ఒక చెయ్యి వెయ్యి."

"ఆగకూడదు స్వామీ!" అన్నాడు, ఉన్నచోటే ఎగురుతూ.

ఓబుళమ్మ ఆ కాళ్లవైపు చూసింది. "ఏంది సామీ, కింద నిప్పులు పోసినారా? దినామూ పిలుస్తాండా, దినామూ గాలి మాదిరి పోతాడు. ఈయప్ప పోయినంక ఇంకో మనిషి వచ్చేదాకా నేనీడనే."

"ఈ ఒక్కరోజు వదిలెయ్ అవ్వా! ఈ ఒక్కరోజు!" కేశవులు గొంతు ఏడుపులోకి దిగింది.

గురువుగారు తానే మోపు పట్టి లేపారు. ముసలి చేతులు. మోపు మోకాళ్ల దాకా లేచి, వణికి, ఆయన మీదికే ఒరిగింది.

"అయ్యో, మీరెందుకు స్వామీ! వదలండి!"

ఆగిపోయాడు. రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, మోపు విసురుగా లేపి ఓబుళమ్మ నెత్తిన పెట్టాడు. ఆమె ఒక చేత్తో సర్దుకుని, "సల్లగుండు నాయనా," అంటూ దిగిపోయింది.

కేశవులు అక్కడే కూలబడ్డాడు.

"పోయింది స్వామీ. మండలమంతా వృథా అయింది. మళ్లీ మొదలుపెట్టాలా?"

గురువుగారు చేతులకంటిన బెరడు దులుపుకున్నారు.

"మళ్లీ ఏమిటి నాయనా? ఇప్పుడేగా మొదలైంది."

తల్లులారా, అయ్యలారా, కథలో తక్కినదంతా మరిచిపోయినా నేనేమీ అనుకోను. దారి పక్కన ఒక మోపు నెత్తికెక్కింది చూశారూ, ఆ ఒక్కటి మనసులో పెట్టుకోండి. ఇంటికి వెళ్లేలోపు మిమ్మల్ని ఎవరైనా పిలవొచ్చు. ఆగండి. ఒక చెయ్యి వెయ్యండి.