పచ్చ అంగీ పట్టుకుని వచ్చిన మేక

దస్తగిరికి ఆ వేసవిలో ఒక్కటే బాధ. తన చేతిలో ఉన్న కంప్యూటరు తననే పట్టుకుని, నీకు అనుమతి ఉందా అని అడగాలంట. ఇదెక్కడి న్యాయం?

కంప్యూటరు నిజానికి అతనిది కాదు, మహబూబ్ పీరుగారి ఇంటిది. కొండ కింద దర్గాకు ఆనుకుని పీరుగారి ఇల్లు. ఆ ఇంటి నడిమి గదిలో కిటికీ పక్కన దాన్ని పెట్టారు. పీరుగారు దాన్ని ముట్టరు. కొన్న రోజే శిష్యుణ్ని పిలిచి, ఇది నీ చేతిలో పెడుతున్నా, చూసుకో అన్నారు. దస్తగిరి పదేళ్లుగా ఆయన దగ్గర ఉన్నాడు గానీ అంతవరకు చీపురు, నీళ్ల బిందె తప్ప అతని చేతిలో ఎవరూ ఏదీ పెట్టలేదు. ఆ మాట వాడికి తలకెక్కింది. తెర మీద తన పేరు, దాని కింద అడ్మినిస్ట్రేటర్ అన్న అక్షరాలు పొద్దున్నే ఒకసారి చూసుకుని మురిసిపోయేవాడు. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, యజమాని లెక్క అని చెప్పేవాడు. ఏదైనా వేయొచ్చు, ఏదైనా తీసేయొచ్చు, అడిగే నాథుడు లేడు.

ఆ కంప్యూటర్లో పాటలున్నాయి. పీరుగారి గురువు కట్టిన తెలుగు తత్వాలు, రెండు వందల పందొమ్మిది. ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అన్నీ నోటికి వచ్చిన మనిషి ఒక్కతే మిగిలింది, దస్తగిరి వాళ్ల అవ్వ హుస్సేనమ్మ. రెండు వేసవులు ఆమెను కూర్చోబెట్టి, ఒక్కొక్కటే పాడించి, దస్తగిరే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ తర్వాతి చలికాలమే అవ్వకు జబ్బు చేసి గొంతు పోయింది. గుసగుసగా రెండు మాటలు తప్ప రావు. సాయంత్రమైతే పీరుగారి అరుగు మీద కూర్చుని, తన పాట తనే వింటూ పెదవులు కదిలిస్తుంది. కంప్యూటర్లోంచి ఆ పాటలు పోయాయంటే ఇక లోకంలోనే లేనట్టు.

పోయినంత పనీ అయింది. దర్గాలో ఏటా జరిగే ఉరుసు ఉత్సవం కరపత్రానికి అందమైన అక్షరాలు కావాలని దస్తగిరి ఊరూ పేరూ లేని చోటు నుంచి ఒక ప్రోగ్రాము దించాడు. యజమానే తలుపు తీసి లోపలికి పిలిచాక దాన్ని ఆపేదెవరు? ఇల్లంతా కలియతిరిగింది. మర్నాటికి తెర నిండా ప్రకటనలు, పాటల ఫోల్డరు ఖాళీ. టౌను నుంచి గిరిజాపతి అనే మెకానిక్కు వచ్చి మూడు రోజులు తంటాలు పడ్డాడు. రెండు వందల ఎనిమిది పాటలు దొరికాయి. పదకొండు పోయాయి.

పోయిన వాటిలో ఒకటి అవ్వ అందుకోబోయింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. మనవణ్ని ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని వాడు ఆ రోజంతా ఏడ్చాడు.

గిరిజాపతి వెళ్లేముందు ఒక సలహా చెప్పాడు. రోజూ కూర్చోడానికి హక్కులు తక్కువున్న చిన్న ఖాతా ఒకటి పెట్టుకోమన్నాడు. పాటలు ఇప్పుడున్న అడ్మినిస్ట్రేటర్ అనే పెద్ద ఖాతా కింద ఉంచి, చిన్నదానికి వినే హక్కు మాత్రం ఇవ్వమన్నాడు. కొత్త ప్రోగ్రాము వేయాల్సి వచ్చినప్పుడు కంప్యూటరే ఆగి అడుగుతుంది, అప్పుడు ఆలోచించుకుని పెద్దదాని పాస్‌వర్డ్ కొడితే చాలు అన్నాడు.

దస్తగిరికి చురుక్కుమంది. తప్పు చేశాడు కాబట్టి తనను కుర్చీలోంచి దింపి వాకిట్లో కూర్చోబెడుతున్నారని అనుకున్నాడు. ఇకమీదట ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటా, అది చాలదా అని మెకానిక్కుతో వాదించాడు. గిరిజాపతి సంచీ సర్దుకుని బస్సుకు వెళ్లిపోయాడు. వాదన తెగక దస్తగిరి నేరుగా పీరుగారి దగ్గరికి పోయాడు.

"హజ్రత్, మీరే దాన్ని నా చేతిలో పెట్టినారు. పెద్దది ఉంచుకోనా, చిన్నదానికి దిగనా?"

ఆయన అంతా విన్నారు. కంప్యూటరు సంగతి ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. రేపు చెప్తాలే అని నమాజుకు లేచారు.

ఇక్కడ ఆ దర్గా పద్ధతి ఒకటి చెప్పాలి. లోపలి గదిలో పాతకాలం నాటి వలీ, అంటే ఆ దర్గా మహాత్ముడి, తలపాగా, చేతికర్ర, ఆయన స్వహస్తాలతో రాసుకున్న పుస్తకం ఉంటాయి. ఆ గది గుమ్మంలో లాలప్ప కూర్చుంటాడు. ఎనభై దాటిన మనిషి, మహా మొండి. పీరుగారు లుంగీ, బనీను వేసుకుని వచ్చినా సరే, లేచి నిలబడి, "ఏం పని హజ్రత్?" అని అడుగుతాడు. పూలు మార్చాలనో, దీపంలో నూనె చూడాలనో ఆయన చెప్పాలి. చెప్పాకే తలుపు తీస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస. దర్గాకు పెద్ద అయివుండి, ఆయన ఒక్కనాడు కూడా ముఖం చిట్లించింది లేదు.

ఉరుసు నాడు మాత్రం వేరు. ఆ ఒక్కరోజు పీరుగారు పెట్టెలోంచి పచ్చ అంగీ తీసి వేసుకుంటారు. అది ఒంటి మీద ఉంటే ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు, ఏ తలుపూ మూసి ఉండదు. దాని అంచు పట్టుకున్న వాళ్లను కూడా అడగరు. కళ్లు లేనివాళ్లు, కాళ్లు సరిగా లేనివాళ్లు ఆ అంచు పట్టుకునే లోపలికి వస్తారు. తాతల నాటి కట్టడి.

మర్నాడు ఉత్త మంగళవారం. పొద్దున పది గంటలకు పీరుగారు పచ్చ అంగీ వేసుకుని ఇంట్లోంచి బయటికొచ్చారు.

దస్తగిరి నోరు తెరుచుకుని చూశాడు. ఉరుసుకు ఇంకా నాలుగు నెలలుంది. ఆయన ఆ అంగీతోనే కూరగాయల బండి దగ్గర నిలబడి వంకాయలు ఏరారు. ఆ అంగీతోనే మేకల దొడ్డిలోకి పోయి వేపరొట్ట వేశారు. హజ్రత్, మరకలవుతాయి అని వీడు వెంటపడి బతిమాలాడు. నాదే కదా నాయనా, నేను వేసుకోకూడదా అన్నారాయన.

దొడ్డిలో ఎవరో మొక్కు తీర్చుకుని వదిలిన నల్లమేక ఒకటుంది. రొట్ట అయిపోగానే అది అంగీ అంచు నోట కరుచుకుంది. ఆయన వదిలించుకోలేదు. నడిచారు. మేక కూడా నడిచింది. ఇద్దరూ ఎండలో వాకిలి దాటి, మెట్లెక్కి, లోపలి గది దాకా వచ్చారు, వెనకే దస్తగిరి.

లాలప్ప అంగీ చూశాడు. లేచి సలాం చేశాడు. మేకను కూడా చూశాడు, దాని నోట్లో అంచునూ చూశాడు. ఒక్క ప్రశ్న అడగకుండా తలుపు బార్లా తీశాడు.

లోపలికి పోగానే మేక అంచు వదిలేసింది. తలపాగా మీది మల్లెదండ రెండు పట్లలో నమిలేసింది. తర్వాత పుస్తకం వైపు మెడ చాచింది. దస్తగిరి చెప్పులు ఎక్కడ విడిచాడో, ఎట్లా దూకాడో తెలియదు, మేక రెండు చెవులూ దొరకబుచ్చుకుని గుమ్మం బయటికి ఈడ్చిపడేశాడు. పుస్తకం ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క పేజీ కూడా కదల్లేదు. అమ్మయ్య అనుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చి లాలప్ప మీద పడ్డాడు. కళ్లు కనబడలేదా, మేకను పంపిస్తావా అని అరిచాడు. లాలప్ప తొణకలేదు. అంగీ పట్టుకుని వచ్చింది, నేనెట్లా ఆపేది అన్నాడు.

పీరుగారు దస్తగిరి పక్కన నిలబడ్డారు.

"లాలప్ప తప్పా?"

దస్తగిరి కాదన్నాడు.

"మేక తప్పా?"

పీరుగారు అంగీ విప్పి, దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి వాడి చేతుల్లో ఉంచారు. లోపల ఆయన రోజూ వేసుకునే లుంగీ, బనీనే ఉన్నాయి.

"పెట్టెలో పెట్టిరా."

దస్తగిరి అంగీని పెట్టెలో పెట్టాడు. అక్కడి నుంచి నడిమి గదిలోకి పోయి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవలేదు. లేచేసరికి చిన్న ఖాతా తయారై ఉంది. పెద్దదాని పాస్‌వర్డ్ కాగితం పచ్చ అంగీ మడతల్లో ఉంది.

మొదటి వారం విసుగు పుట్టింది. ఏదన్నా కొత్తది వేయబోతే కంప్యూటరు ఆగి అడిగేది. అడిగినప్పుడల్లా వాడికి లాలప్ప ముఖం కనబడి నవ్వొచ్చేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఈమెయిలు వచ్చింది. పంపినవాళ్లు ఎవరో భక్తులట, పోయిన ఉరుసు ఫోటోలట. ఉరుసు అనగానే దస్తగిరి సంబరంగా నొక్కాడు. ఫోటోలు రాలేదు. తెర సగం మసకబారి, ఇది లోపలికి రావాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి అని అడిగింది.

ఫోటోలు చూడ్డానికి యజమాని అనుమతి ఎందుకు? వద్దు అన్నచోట నొక్కాడు. మెయిలు తీసిపారేశాడు. తర్వాత పాటల ఫోల్డరు తెరిచి, వేలితో తెర మీద ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. రెండు వందల ఎనిమిదీ ఉన్నాయి. మర్నాడే టౌనుకు పోయి పెన్ డ్రైవు తెచ్చి ఇంకో కాపీ ఎత్తుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. అప్పటికి మాత్రం కళ్లు తుడుచుకుని ఒక పాట పెట్టాడు.

అరుగు మీద అవ్వ తలెత్తింది. చూరు నీళ్ల చప్పుడులో కంప్యూటర్లోంచి ఆమె గొంతు ఖణీమని లేచింది. ఆమె పెదవులు దాని వెంట కదిలాయి.

పీరుగారు తడిసిన కాళ్లు గుమ్మంలో తుడుచుకుంటూ లోపలికొచ్చారు. శిష్యుడి ముఖం చూశారు, తెర వైపు చూశారు.

"మేక వచ్చిందా?"

"వచ్చింది హజ్రత్. ఏం పని అని అడిగితే చెప్పలేక వెళ్లిపోయింది."