ఎదుగుదల గడి

దస్తగిరి సార్‌ని ఎవరు ఏమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. వంగి బూటు లేసు విప్పుకుని మళ్ళీ కట్టుకుంటారు. అంతసేపూ అడిగినవాళ్ళు అలా నిలబడి ఉండాల్సిందే. ముడి పడ్డాక లేచి, అడిగినదానికి ఏ సంబంధమూ లేని పని ఒకటి చెప్పి వెళ్ళిపోతారు. గుంతకల్లులో రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న ఎర్రమట్టి మైదానంలో, ఆ బాలికల హాకీ హాస్టల్లో, ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు. సార్ లేసు పట్టుకున్నారంటే ఎవరికో మూడిందని పిల్లలు చెవులు కొరుక్కుంటారు. ఆ గురువారం సాయంత్రం మూడింది శివగంగకు. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర ఆట నేర్చుకున్న శిష్యురాలు, ఇప్పుడు ఆయన కిందే సహాయ కోచ్.

"సార్, ఒక పిల్ల ఎదుగుతోందా లేదా అని మీరు ఎట్ల కనుక్కుంటారు?" అని ఆమె అడిగింది.

ఊరికే అడగలేదు. ఆమె చంకలో ఒక నోటు పుస్తకం ఉంది. సార్ రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ చేయించుకోవడానికి హుబ్బళ్ళిలో కూతురి ఇంటికి వెళ్ళి, ఆ పొద్దునే తిరిగొచ్చారు. ఆయన లేని ఈ మూడు నెలలూ హాస్టల్ బరువంతా శివగంగే మోసింది. మోయడమంటే మామూలుగా కాదు. రెండేళ్ళు బయట ఉండి కోచింగ్ చదువు ముగించుకుని వచ్చిన మనిషి కదా, ఇరవై రెండు మంది పిల్లలకూ తలా ఒక పేజీ కేటాయించి, పైన పేరు రాసి, గళ్ళు గీసి, వారం వారం పదికి ఇన్ని అని మార్కులు వేసింది. పరుగు, బంతి ఆపడం, డ్రిబ్లింగ్, పాస్, భంగిమ. అన్నిటికన్నా కింద, ఎర్రసిరాతో గీసిన ఆఖరి గడి పేరు ఎదుగుదల. మార్కులంటే ఆమెకంత పట్టింపు ఉండడానికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక సెలక్షన్లో ఆమె ఆట చూడకుండానే, టీ గ్లాసు చేతిలో పట్టుకుని పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే, ఒక పెద్దమనిషి ఆమె పేరు కొట్టేసి ఎవరి మేనకోడలి పేరో రాశాడు. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు చిన్నది కాదు. తన చేతికి అధికారం వస్తే కళ్ళతో చూసింది తప్ప ఇంకేదీ రాయనని అప్పుడే అనుకుంది. అన్నమాట ప్రకారమే నడుచుకుంటోంది కూడా. అందులో వంక పెట్టడానికి లేదు.

చిక్కల్లా వన్నూరమ్మ దగ్గర వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. నోట్లో నాలుక లేనట్టుంటుంది, మైదానంలోకి దిగితే మాత్రం చిచ్చుబుడ్డి. ఈ పిల్లను జాగ్రత్తగా చూసుకో అని సార్ వెళ్తూ వెళ్తూ మరీ చెప్పిపోయారు. అలాంటి పిల్లకు సగటు మార్కులు జూలైలో ఏడు, ఆగస్టులో అయిదు, ఇప్పుడు సెప్టెంబరులో నాలుగు. బంతి స్టిక్కు ముందు నుంచే జారిపోతోంది. ఆటంతా వంగి వంగి ఆడుతోంది. "వంగి ఆడుతుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు" అని శివగంగ పేజీ అంచున మూడుసార్లు రాసింది. ఎదుగుదల గడిలో మూడు నెలలూ ఒకటే మాట, లేదు. హాస్టల్ నియమం ప్రకారం వరసగా మూడు నెలలు ఎదుగుదల లేని పిల్లను ఇంటికి పంపి, ఆ చోటు కొత్త పిల్లకు ఇవ్వాలి. జాబితా శనివారం పై ఆఫీసుకు పోవాలి. ఇంటికి పోతే వన్నూరమ్మ చేతికి మళ్ళీ హాకీ స్టిక్కు రాదని, మిరపచేలో గంప వస్తుందని శివగంగకు తెలుసు. ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం. ప్రాణం కాబట్టే, మనసు మెత్తబడి అబద్ధం రాస్తానేమోనని భయపడి, ఇంకాస్త గట్టిగా రాసింది.

సార్ లేసు ముడి బిగించి లేచారు. కంటి ఆపరేషన్ తర్వాత పెట్టుకోమన్న నల్ల కళ్ళద్దాలు సరిచేసుకున్నారు.

"రేపు పొద్దున పిల్లోళ్ళతో పాటు నువ్వు గూడా ఆడు మా. ఆ పుస్తకం నాకియ్యి. ఒక్క పూటకు నేను రాస్తా" అని పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ ఆ హాస్టల్ ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఏటా జూన్‌లో కొత్త పిల్లలు చేరే రోజున పాత అమ్మాయిలు వచ్చి, చిన్నప్పుడు తాము ఆడిన స్టిక్కును తమ చేత్తో ఒక కొత్త పిల్లకు ఇస్తారు. స్టిక్కు పిడికి చుట్టిన పట్టీ కింద, చెక్క మీద, ఆ ఇచ్చినామె పేరు రాసి ఉంటుంది. పుచ్చుకున్న పిల్ల దానితోనే ఆడాలి. ఇచ్చిన అక్క ఒకనాడు చూసి, ఇంక దించు అనాలి. ఆ మాట వచ్చాకే పొట్టి స్టిక్కు దించి స్టోర్‌రూంలో పెద్దది తీసుకోవాలి. అక్కకు పెళ్ళై ఏ దూరదేశానో ఉంటే ఫోన్లోనైనా ఆ మాట అనిపించుకుంటారు. సార్ కూడా మధ్యలో వేలు పెట్టరు. బయటివాళ్ళకు ఇదంతా చాదస్తంగా కనిపించవచ్చు. ఆ పిల్లలకు మాత్రం దించు అన్న మాట వినడం పెద్ద పరీక్ష పాసైనంత పండగ. ఆ రాత్రి హాస్టల్లో పాయసం వండుతారు. శివగంగ కూడా రెండేళ్ళ కిందట చదువుకు బయల్దేరే ముందు, ఆ ఆచారం ప్రకారమే తన చిన్ననాటి స్టిక్కును ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తున్న ఒక బుడ్డ పిల్ల చేతిలో పెట్టి, రైలుకు వేళైందని పరుగెత్తింది. ఆ పిల్ల ఎవరో, స్టిక్కు ఏమైందో మళ్ళీ ఆమెకు గుర్తే రాలేదు.

శుక్రవారం పొద్దున పిల్లలంతా రెండు జట్లుగా నిలబడ్డారు. మేడం కూడా ఆడుతుందని తెలిసి వాళ్ళ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సార్ గీత దగ్గర కుర్చీ వేయించుకుని, నల్ల కళ్ళద్దాలతో, ఒళ్ళో నోటు పుస్తకంతో దర్జాగా కూర్చున్నారు.

"శివగంగా, నీ స్టిక్కు వన్నూరమ్మకియ్యి. దానిది నువ్వు తీసుకో" అన్నారు.

ఆడడం వచ్చినవాళ్ళు ఏ స్టిక్కుతోనైనా ఆడగలరని సార్ పిల్లలకు చూపించదలుచుకున్నారు కాబోలని శివగంగ అనుకుంది. లోలోపల కొంచెం పొంగిపోయింది కూడా. తీరా ఈల మోగాక ఆ పొంగు పది నిమిషాలు నిలవలేదు. మొదటి బంతి స్టిక్కుకు జానెడు దూరంలోంచి సాగిపోయింది. రెండోదాన్ని అందుకోబోయి ముందుకు తూలింది. మూడోది తగిలింది కానీ తన మడమకే తగిలింది. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. గీత దగ్గర నుంచి సార్ హాజరు పిలిచే గొంతుతో కేక పెట్టారు.

"శివగంగ! బంతి ఆపడం, మూడు!"

పిల్లలు చేతులు తీసేసి పగలబడి నవ్వారు. శివగంగ కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఇంకా వంగింది. నడుం పీకుతోంది.

"శివగంగ! డ్రిబ్లింగ్, రెండు! భంగిమ, ఒకటి! వంగి ఆడుతుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు!"

అది తను రాసిన వాక్యమే. సార్ పేజీ అంచు చూసి అక్షరం పొల్లుపోకుండా చదివారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మైదానం మధ్యలో ఆగిపోయి, పిల్లలంతా వింటున్నారన్న ధ్యాస కూడా లేకుండా అరిచింది.

"నేనేం చేసేది సార్? స్టిక్కు పొట్టిది! దీంతో ఎవురైనా వంగే ఆడాల!"

ఆట ఆగిపోయింది. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి వెళ్తోంది. తన మాట తన చెవిన పడ్డాక శివగంగ మెల్లగా తల తిప్పి వన్నూరమ్మ వైపు చూసింది. చేతిలో గడియారం గానీ పుస్తకం గానీ లేకుండా ఆ పిల్లను ఆమె చూడడం ఈ మూడు నెలల్లో అదే మొదటిసారి. వన్నూరమ్మ తల తన గడ్డం దాకా వచ్చింది. జూన్‌లో అది భుజం దాకానే ఉండేది. జూలైలో ఒకసారి, ఈ నెలలో ఒకసారి ఆ పిల్లకు బూట్లు బిగుతైపోయాయని చీటీ రాసింది తనే. స్కర్టు మోకాళ్ళ పైకి పోయిందని మందలించి, అంచు విప్పించి కుట్టించింది కూడా తనే.

"ఆటెందుకు ఆపినారు మే? ఆడండి!" అన్నారు సార్.

ఆట మళ్ళీ మొదలైంది. నిజం చెప్పాలంటే పొడుగు స్టిక్కు పట్టుకున్నంత మాత్రాన వన్నూరమ్మ వెంటనే ఏమీ వెలగబెట్టలేదు. మొదట రెండు బంతులు వదిలేసింది, మూడోసారి నేలను కొట్టి ఎర్రమట్టి లేపింది. ఆ తర్వాత ఎవరో ఇచ్చిన పాస్ ఒకటి దొర్లుకుంటూ ఆమె ముందుకు వచ్చింది. ఆ పిల్ల ఈసారి వంగలేదు. నిలువుగా నిలబడి, ఉన్న పొడుగంతా కలుపుకుని కొట్టింది. బంతి గోల్లోకి దూసుకుపోయి వెనక చెక్క పలకకు తగిలింది. పాతబడిన మేకులు ఆ దెబ్బకు తట్టుకోలేకపోయాయి.

"సార్! పలక ఊడిపాయ!" అని గోల్‌కీపర్ పిల్ల రజియా కేకపెట్టింది.

"ఊడనీలే. మళ్ళ కొట్టిద్దాం" అన్నారు సార్. పుస్తకంలో మాత్రం ఏమీ రాయలేదు. శివగంగను దగ్గరికి పిలిచి, ఆ పొట్టి స్టిక్కు పిడి పట్టీ విప్పమన్నారు.

చెమటకు నానిన పట్టీ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కింద చెక్క మీద నీలిసిరాతో, వంకర టింకర అక్షరాలతో, శివగంగ, ఏడో తరగతి, అని ఉంది. ఆఖరి గ కాస్త ఎక్కువ వంకర. అది రాసేటప్పుడు వెనక నుంచి ఎవరో చెయ్యి తోశారని, వాళ్ళతో ఆ పూటంతా మాట్లాడలేదని ఆమెకు గుర్తొచ్చింది. ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చిన ఆ బుడ్డ పిల్ల ఎవరో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు మే?" అంది.

వన్నూరమ్మ పొడుగు స్టిక్కును జాగ్రత్తగా నేల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"మీరే చెప్తారనుకున్యా మేడం. దినామూ నన్ను చూసి రాసుకుంటాంటిరి గదా. దించు అని చెప్పలేదంటే నేనింకా సరిగ్గా ఆడలేదేమో అనుకుని, ఇంగా వంగి ఆడితి."

శివగంగకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని చూడలేదు కూడా. తన ఆట చూడకుండానే పేరు కొట్టేసిన పెద్దమనిషి గుర్తొచ్చాడు. అతను చూడకుండా కొట్టేశాడు. తను మూడు నెలలు రెప్ప వేయకుండా చూసి, అదే పని చేయబోయింది. రేపు శనివారం. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే ఆ జాబితా పోస్టులో పడి ఉండేది. ఆమె వంగి, వన్నూరమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇప్పుడు పెద్దగా వంగాల్సిన అవసరం లేకపోయింది.

"దించు" అంది. "ఇంక దించు తల్లీ."

అంతే, ఇరవై ఒక్క మందీ ఒక్క పెట్టున అరిచారు. ఎవరో పాయసం అన్నారు, ఇంకెవరో వంటమ్మకు చెప్పడానికి అప్పుడే పరుగు తీశారు. వన్నూరమ్మను భుజాల మీదికి ఎత్తబోయారు కానీ ఆ పిల్ల ఇప్పుడు వాళ్ళు అనుకున్నంత తేలికగా లేదు. అందరూ కలిసి మట్టిలో కూలబడి, లేవడం మరిచిపోయి నవ్వుకున్నారు. శివగంగ కళ్ళు తుడుచుకుంటూ సార్ కుర్చీ దగ్గరికి వచ్చి, పుస్తకం తీసుకుని, వన్నూరమ్మ పేజీ తెరిచింది. మూడు లేదులు ఎర్రగా కనిపించాయి. ఆ పేజీని చింపడానికి అంచు పట్టుకుంది.

సార్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

"యాల చింపుతావు మా? మూడు నెలలు కష్టపడి రాసినావు. కళ్ళతో చూసిందే రాసినావు."

"తప్పు రాసినాను సార్."

దస్తగిరి సార్ ఆ పొట్టి స్టిక్కును తీసి, విప్పిన పిడి పైకి వచ్చేలా, ఆ పేజీ మీద అడ్డంగా పెట్టారు. నీలి అక్షరాలు ఆమెకు ఎదురుగా ఉన్నాయి. ఆయన వంగి, చక్కగా బిగించి ఉన్న బూటు లేసును విప్పడం మొదలుపెట్టారు.

"లేదు అన్న మాట తప్పేం కాదు మా" అన్నారు తల ఎత్తకుండానే. "పైనుండే పేరొక్కటి దిద్దుకో."