కరివేపాకు చెట్టు మీది రాకుమారి

అనగనగా ఒక రాజుగారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దోడికి బలం ఎక్కువ, నడిపోడికి అందం ఎక్కువ, చిన్నోడు సోమదత్తుడికి మాత్రం భయం ఎక్కువ. ఏదైనా విప్పి, తిప్పి చూస్తే గానీ నమ్మడు. "వీడు మంచినీళ్ళ చెంబులోకి కూడా తొంగి చూస్తాడ్రా" అని అన్నలు నవ్వేవాళ్ళు.

ఏడు సముద్రాల అవతల జటాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు పక్క రాజ్యం రాకుమారి మంజులికని ఎత్తుకుపోయి, నన్ను పెళ్ళాడు అన్నాడు. "ఛీ, పో!" అంది. వాడికి ఒళ్ళు మండి, ఆమెని గొంగళిపురుగుని చేసి తోటలో వదిలేశాడు. "ఆమెని గుర్తుపట్టి, రెక్కలొచ్చేదాకా పెంచితే మళ్ళీ మనిషవుతుంది. వేరే పురుగుని ముట్టుకున్నారో, రాయైపోతారు!" అని చాటింపు వేయించాడు.

పెద్దోడు వెళ్ళాడు. జిల్లేడు ఆకు మీద నలుపూ పసుపూ చారల పురుగు. రాకుమారంటే ఇలాగే ఉంటుంది అని ముట్టుకున్నాడు. రాయైపోయాడు. నడిపోడు వెళ్ళాడు. ఈశ్వరి తీగ మీద కెంపులు పొదిగినట్టున్న పురుగు. ముట్టుకున్నాడు. వాడూ రాయే.

ఇక చిన్నోడు. తోటకి పోకుండా ముందు మంజులిక వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, మీ అమ్మాయికి ఏమిష్టం?"

"ఏం చెప్పను నాయనా! అందరూ చారులో కరివేపాకు ఏరి పారేస్తారా, నా పిల్ల అదే ముందు తింటుంది. నా పళ్ళెంలోది కూడా లాక్కుంటుంది" అని ఏడ్చింది మహారాణి.

చిన్నోడు ఒక తాబేలు బామ్మ వీపెక్కి ఏడు సముద్రాలు దాటాడు. ఒడ్డున అలకి కొట్టుకుపోతున్న చీమల్ని ఆకు వేసి గట్టెక్కించాడు. "నీ వెంటే ఉంటాం బాబూ" అంది చీమలరాణి.

తోటలో కరివేపాకు చెట్టు దొరికింది. పురుగే లేదు! ఆకు మీద పిట్ట రెట్ట తప్ప. చిన్నోడు ఊరుకుంటాడా? మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. రెట్ట ఆకు కొరికింది!

గుండె గట్టి చేసుకుని ముట్టుకున్నాడు. పురుగు బుస్సుమని రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టింది. ఘాటు వాసన! కానీ చిన్నోడు రాయి కాలేదు. పురుగుకి మాటొచ్చింది.

"ఎవడ్రా నువ్వు?"

"మిమ్మల్ని పెంచడానికొచ్చానండీ."

"పెంచడానికి నేనేమైనా కోడిపిల్లనా?"

చిన్నోడు వెండిగిన్నెలో పాయసం పెట్టాడు. "అది నువ్వు తాగు. నాకు లేత రెమ్మ వంచు" అంది. తిని తిని, చర్మం విడిచి, పచ్చగా బొద్దుగా అయింది.

అంతలో జుయ్ జుయ్ మంటూ ఒక కందిరీగ. "బాబూ, జటాళుడి ప్రాణం దాన్లోనే ఉంది. చిలకలో పెడితే అందరూ వెతికేస్తున్నారని ఇందులో దాచాడు. అది రాకుమారిని చంపేస్తుంది!" అంది చీమలరాణి. చిన్నోడు పలచటి తలపాగా విప్పి చెట్టుకి కప్పి, ముడేశాడు.

"తలపాగా తీసిన రాజు, తల తెగిన రాజు ఒకటేరా!" అని తోటలోకొచ్చిన జటాళుడు పగలబడి నవ్వాడు.

ఒకరోజు మంజులిక కొమ్మకి దారం కట్టుకుని గూడులా బిగుసుకుపోయింది. పిలిస్తే పలకలేదు.

"చచ్చిపోయింది. కావాలంటే విప్పి చూసుకో" అన్నాడు జటాళుడు, తియ్యగా.

చిన్నోడి చెయ్యి ముడి మీదకి వెళ్ళింది. చూడకుండా ఎలా నమ్మేది?

"బాబూ, ఇప్పుడు చూడకపోవడమే పని" అంది చీమలరాణి.

చిన్నోడు రెండు చేతులూ కింద పెట్టి వాటి మీదే కూర్చున్నాడు. ఏడుస్తూనే కూర్చున్నాడు. ముడి విప్పడని తెలిసి కందిరీగే గుడ్డలోకి దూరబోయింది. కాళ్ళు నేతలో చిక్కుకున్నాయి. చీమలన్నీ ఒక్కసారి పైన పడ్డాయి. అక్కడ కందిరీగ పోయింది, ఇక్కడ జటాళుడు దబ్బున కూలాడు. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు.

"ఒరేయ్, గూడు విప్పేద్దాం రా!" అన్నాడు పెద్దోడు.

"వద్దన్నయ్యా. ఆమే వస్తుంది."

తెల్లారి గూడు తనంతట తనే చిట్లింది. నల్లటి రెక్కలు, వాటి మీద తెల్లటి చుక్కలు. తడి రెక్కలు మెల్లగా ఆరాయి. ఆరగానే అక్కడ మంజులిక!

"ఆకలేస్తోంది. చారుందా?" అంది.

పెళ్ళి వైభవంగా జరిగింది. ఆ విందులో ఒక్కరు కూడా కరివేపాకు ఏరి పారేయలేదు. చిన్నోడు అత్తవారి రాజ్యాన్ని చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. తోటమాలి వచ్చి "మహారాణీ, ఆకులకి చిల్లులు పడుతున్నాయి" అన్నప్పుడల్లా మంజులిక ఒకటే మాట అనేది: "ఎవరో భోంచేస్తున్నారులే. కదిలించకు."