ముక్కుకు పలకని అద్దం

జొన్నచేను పక్కనున్న పశువుల దొడ్డిలో పింగళమ్మ అనే కోడిపెట్ట పిల్లలతో కాపురం ఉండేది. పిల్లలకింకా రెక్కలు వచ్చీ రానట్టున్నాయి. తల్లి బెంగంతా వాటి గురించే. చేను అవతల తాటిచెట్టు మీద కాకి కొండన్న కాపలా కాస్తూ ఫోన్ చేసేవాడు. "గద్ద బయల్దేరింది చెల్లీ!" అంటే పింగళమ్మ పిల్లలతో ఎడ్లబండి కింద దూరేది. "నక్క వస్తోందే!" అంటే అందర్నీ గడ్డివాము ఎక్కించేది. పింగళమ్మ దగ్గరున్న పాత బటన్ల ఫోను ముక్కుతో ఒక్క పోటు పొడిస్తే పలికేది. ఏ లోటూ లేదు. కొందరికి లోటు లేకపోవడమే లోటు, ఏం చేస్తాం!

ఒకరోజు గుంటనక్క కంచె అవతల నిలబడి, నల్లగా నిగనిగలాడే కొత్త ఫోను చూపించింది.

"అక్కా, ఇంకా ఆ డబ్బా ఫోనేనా? పక్క దొడ్డి సీమకోడి చూడు, పిల్లల ఫొటోలు ఊరంతా చూపించుకు తిరుగుతోంది. దీంతో తీస్తే చంద్రుడి మీద మచ్చ కూడా పడుతుంది."

"నువ్వు నక్కవి. నీతో నాకు బేరమేంటి?"

"ఆకలి వేరు, వ్యాపారం వేరు. కంచె దాటి అడుగు పెట్టానా? ఆ పాతది ఇటు పడేసి ఇది పట్టుకుపో."

నక్క తన మెత్తటి అరికాలితో అద్దాన్ని ఇలా నిమిరితే ఆట, అలా నిమిరితే పాట. పింగళమ్మ మెడ చాచి గుడ్లప్పగించింది.

రాటకు కట్టేసి ఉన్న కర్రెద్దు నెమరు ఆపింది. "అమ్మాయ్, చంద్రుడితో నీకేం పని? నీక్కావాల్సింది కాకి కబురు. ఒక్కసారి నీ ముక్కుతో నొక్కి చూసుకో."

"ఆ మాత్రం తెలీదా బాబాయ్?" అంది గానీ లోపల బెరుకే. నొక్కడం రాకపోతే నక్క ముందు నగుబాటు. నొక్కకుండానే పాతది ఇచ్చేసి, అందులోని సిమ్ము నక్క చేతే వేయించుకుని కొత్తది తెచ్చుకుంది.

మర్నాడు ఎండెక్కుతుండగా ఫోను మోగింది. అబ్బ, ఎంత కమ్మటి పాట! పింగళమ్మ ముక్కుతో పొడిచింది. పలకలేదు. కాలిగోటితో గీరింది. ఊహూఁ. అద్దం మీద కొండన్న బొమ్మ కనిపిస్తోందే తప్ప గొంతు వినబడలేదు. ఆ అద్దం మెత్తటి చర్మానికే లొంగుతుందనీ, గట్టి ముక్కుకూ గోటికీ లొంగదనీ నక్కకు ముందే తెలుసు.

"బాబాయ్! గద్దా, నక్కా?"

"ఇక్కణ్ణుంచి నాకేం కనబడుతుందమ్మా!"

పాట ఆగి మళ్లీ మొదలైంది. పైన ఏదో నీడ కదిలినట్టనిపించి, "బండి కిందకి పదండర్రా!" అని పిల్లల్ని తోసింది. చేలోంచి పాక్కుంటూ వచ్చిన నక్క సరిగ్గా అక్కడే దూరింది. అందరికంటే చిన్నదాన్ని నోట కరుచుకుని చేలో పడింది.

కొండన్న రొప్పుతూ వచ్చి వాలాడు. "నక్కేనే పిచ్చిదానా! ఫోనెందుకు ఎత్తలేదు?"

"ముక్కు వాచేలా పొడిచానన్నా!" పింగళమ్మ బావురుమంది. "నిన్ననే నొక్కి చూసుంటే ఏం పోయేది? నక్క నవ్వితే నవ్వేది. నామోషీ పడి నా బిడ్డను నేనే నక్క నోట్లో పెట్టాను."

 చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేముంది? పింగళమ్మ మిగిలిన పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. ఎప్పుడూ ఇరుగ్గా ఉండే ఆ రెక్కల కింద ఇవాళ చోటు మిగిలిపోయింది.

నీతి: ఆపదలో నీకు లొంగని వస్తువు, ఎంత గొప్పదైనా నీది కాదు.